హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ టీవీ కామెంటరీ నిజంగా అంత అధ్వానమా?

అడిగిన ప్రశ్న ఇది: "ఈమధ్యే ఐర్లాండ్ వచ్చాను. సోమవారం ఆఫీసులో అందరూ ఆడినవాళ్లను వదిలేసి, టీవీలో ఆ ఆట గురించి మాట్లాడినవాళ్లను తిడుతున్నారు. గేలిక్ ఆటల కామెంటరీ, విశ్లేషణ అంత నాసిరకంగా ఉంటాయా? కొత్తగా చూసేవాళ్లకు ఏమైనా అర్థమవుతుందా?"

గేలిక్ ఆటలంటే ఐర్లాండ్ సొంత ఆటలు: కర్రతో చిన్న బంతిని కొట్టే హర్లింగ్, చేత్తోనూ కాలితోనూ ఆడే గేలిక్ ఫుట్‌బాల్. నా అనుభవంలో కామెంటరీ బాగానే ఉంటుంది. నా పేచీ అంతా స్టూడియోలో కూర్చుని చెప్పే విశ్లేషణతోనే. ఇక్కడివాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టి తిడతారు గానీ, మైక్ పట్టుకుని ఆట చెప్పేవాడి పని వేరు, సోఫాలో కూర్చుని ఎందుకు ఓడారో చెప్పేవాడి పని వేరు.

నేనుండేది డబ్లిన్‌లో. మా అబ్బాయి దగ్గర్లోని క్లబ్‌లో హర్లింగ్ ఆడతాడు. వాడి వెంట తిరుగుతూ నాకూ పిచ్చి పట్టింది. వేసవి వచ్చిందంటే ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో సినిమా ఉండదు, మ్యాచే.

ముందు కామెంటరీ సంగతి. క్రికెట్‌కు అలవాటుపడ్డ మన చెవులకు ఇది వింతగా ఉంటుంది. క్రికెట్లో బంతికీ బంతికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో రీప్లే వేస్తారు, ఫీల్డింగ్ ఎక్కడ పెట్టారో చెబుతారు, పాత కబుర్లూ నడుస్తాయి. హర్లింగ్‌లో ఆ వెసులుబాటు లేదు. జట్టుకు 15 మంది, పెద్ద మ్యాచ్ 70 నిమిషాలు, బంతి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క దెబ్బలో పోతుంది. గోల్ స్తంభాల మధ్య, అడ్డకర్ర మీదుగా పోతే ఒక పాయింటు, దాని కిందనుంచి వలలోకి పోతే గోల్, అంటే మూడు పాయింట్లు. స్కోరు 1-18 అని వేస్తే ఒక గోల్, 18 పాయింట్లు, మొత్తం 21 అన్నమాట. పైగా అందరి తలలకూ హెల్మెట్లు! ఇంత హడావిడిలో కొట్టిందెవరో తప్పు లేకుండా చెప్పడమే గొప్ప. ఇక్కడి ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈలో మార్టీ మోరిసీ లాంటివాళ్ల గొంతు మీద ఎన్ని జోకులైనా వేసుకోండి, ఆ పని మాత్రం చేతనైనవాళ్లు చేస్తున్నారు.

ఇక్కడి కామెంటరీకి ఒక పెద్ద వారసత్వం కూడా ఉంది. కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మధ్య జరిగే దేశస్థాయి చాంపియన్‌షిప్‌ను ఇక్కడ ఆలైర్లాండ్ అంటారు. 1947లో దాని ఫుట్‌బాల్ ఫైనల్‌ను న్యూయార్క్‌లో పెట్టారు. రేడియో లైను టైము అయిపోతుంటే మీహాల్ ఓహేర్ ఇంకో ఐదు నిమిషాలు లైను ఉంచమని కామెంటరీ మధ్యలోనే బతిమాలాడు. ఆ తర్వాతి తరంలో మీహాల్ ఓ మ్విర్‌హర్టీ. 1949లో మొదలుపెట్టి 2010 దాకా చెప్పాడు, 2024లో పోయాడు. కార్క్ ఆటగాడు షాన్ ఓగ్ ఓ హాల్‌పీన్ గురించి ఆయన అన్న మాట ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు: వాళ్ల నాన్నది ఫర్మానా, అమ్మది ఫీజీ, రెండూ హర్లింగ్‌కు పేరుపడ్డ చోట్లు కావు అని. ఇందులో హాస్యం ఒక్కటే కాదు, పనితనం కూడా ఉంది. ఇక్కడ ఆటగాళ్లకు జీతాల్లేవు. సాధారణంగా పెరిగిన ఊరి క్లబ్‌కు, ఆ కౌంటీకే ఆడతారు. అందుకని ఫలానా వాడిది ఏ ఊరు, ఎవరి మేనల్లుడు, ఏ బడిలో చదువు చెబుతాడు అన్నవి ఆటలో భాగమే. ఆయన అవన్నీ గుర్తుపెట్టుకుని బంతి వెంటే చెప్పేవాడు.

ఇక అసలు గొడవకు వస్తాను.

ఆర్‌టీఈలో మ్యాచ్‌లు చూపించి విశ్లేషించే 'ది సండే గేమ్' 1979 నుంచి వస్తోంది. చాలా ఏళ్లు అందులో ఫుట్‌బాల్ విశ్లేషణ అంటే ముగ్గురే: కెర్రీకి ఎనిమిది ఆలైర్లాండ్‌లు గెలిచిన పాట్ స్పిలేన్, మీత్ మాజీ ఆటగాడు కోలమ్ ఓరూర్క్, డెరీ నుంచి వచ్చిన లాయరు జో బ్రోలీ. నేను వచ్చేసరికి ఆ కాలం చివరికొచ్చింది గానీ పాత క్లిప్పులు చాలా చూశాను. భలే సరదాగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఆట గురించి ఏం తెలిసిందని చూస్తే చేతికి పెద్దగా ఏమీ తగలదు. 2003 సెమీస్‌లో టిరోన్ ఆటగాళ్లు కెర్రీవాళ్లను బంతి పట్టిన ప్రతిచోటా ముగ్గురు నలుగురు చుట్టుముట్టి, మొత్తం మ్యాచ్‌లో ఆరు పాయింట్లకే కట్టేశారు. స్పిలేన్ దానికి 'వాంతి ఫుట్‌బాల్' అని పేరు పెట్టాడు. పేరు నిలిచిపోయింది. ఆ చుట్టుముట్టడం ఎలా నేర్పారు, ఎవరు ముందు కదిలేవారు, కెర్రీ దానికి ఎందుకు జవాబు చెప్పలేకపోయింది అన్న ముక్కలు మాత్రం ఆ తిట్టు కింద కప్పబడిపోయాయి.

2013 క్వార్టర్ ఫైనల్ ఇంకా మంచి ఉదాహరణ. గోల్ వైపు ఒంటరిగా దూసుకుపోతున్న మోనహన్ ఆటగాడు కోనర్ మక్‌మానస్‌ను టిరోన్ ఆటగాడు షాన్ కవనా వాటేసుకుని పడేశాడు. శిక్ష యెల్లో కార్డు ఒక్కటే. బ్రోలీ స్టూడియోలో ఊగిపోయి కవనా మనిషిగానే పనికిరాడన్నట్టు మాట్లాడాడు. చూసేవాడికి చెప్పాల్సిన లెక్క చాలా చిన్నది: పడేస్తే ఫ్రీ కిక్ నుంచి ఒక పాయింటు పోతుంది, వదిలేస్తే మూడు పోవచ్చు. అంటే నియమమే ఆ ఫౌల్‌ను లాభసాటి బేరం చేసింది. దాన్ని సరిచేయడానికి బ్లాక్ కార్డును (కావాలని ఇలా పడేసినవాడిని బయటికి పంపేది) ఆ మార్చిలోనే ఆమోదించారు కూడా, 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. జనానికి గుర్తున్నది ఆ కోపమే.

బ్రోలీని 2019లో ఆర్‌టీఈ పక్కన పెట్టింది, స్పిలేన్ 2022 ఫైనల్ తర్వాత వెళ్లిపోయాడు. ఇప్పుడు అరుపుల్లేవు. అయితే మాట మరీ మెత్తబడింది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. టీవీ కుర్చీకీ డ్రెస్సింగ్ రూమ్‌కీ మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లియమ్ షీడీ విశ్లేషకుడిగా ఉంటూ టిపరరీ మేనేజర్‌గా తిరిగెళ్లి 2019లో కప్పు తెచ్చాడు. హెన్రీ షెఫ్లిన్ గాల్వేకు, కెవిన్ మెక్‌స్టే మేయోకు, స్కై టీవీలో పనిచేసిన జిమ్ మెగినెస్ మళ్లీ డొనెగాల్‌కు వెళ్లారు. రేపు ఏ కౌంటీ నుంచి ఫోన్ వస్తుందో తెలియనివాడు ఇవాళ ఆ కౌంటీ డిఫెన్స్ చచ్చుగా ఉందని ఎంత గట్టిగా అంటాడు? పైగా ఆ డిఫెండర్ సోమవారం పొద్దున బడిలో పిల్లల ముందు నిలబడాలి. వాళ్ల మొహమాటం నాకు అర్థమవుతుంది. కానీ ఆటగాడిని ఏమీ అనకుండానే ఆట విప్పి చెప్పొచ్చు కదా. అదే జరగడం లేదు.

2025 హర్లింగ్ ఫైనల్ చూడండి. సగం ఆట అయ్యేసరికి కార్క్ 1-16, టిపరరీ 0-13. ఆరు పాయింట్ల ఆధిక్యం. రెండో సగంలో కార్క్ చేసింది రెండంటే రెండు పాయింట్లు, టిపరరీ 3-14. ఇలాంటిది ఫైనల్స్‌లో కనీవినీ ఎరగం. ఆ రాత్రీ తర్వాతి రోజుల్లోనూ నా చెవిన పడ్డదంతా 'ఆకలి', 'గుండె', 'టెన్షన్‌కు బిగుసుకుపోయారు'. ఏమో, అవీ నిజమే అయ్యుండొచ్చు. కానీ టిపరరీ బ్రయన్ ఒమారాను వెనక అదనపు డిఫెండర్‌గా దించింది. కార్క్ గోలీ (గోల్‌కీపర్) పొడుగ్గా కొట్టే బంతులు సరిగ్గా అతనుండే వైపే పడుతున్నప్పుడు వాళ్లు ఏం మార్చారు, ఎప్పుడు మార్చారు? ఓవెన్ డౌనీ రెండో యెల్లోతో బయటికి పోయాక ఆ ఖాళీ ఎవరు పూడ్చారు? నాకు కావలసింది ఇది, ఒక స్క్రీన్ మీద నాలుగు బాణం గుర్తులతో.

తప్పంతా మాట్లాడేవాళ్లదే అనను, కెమెరాదీ ఉంది. స్కోరు కాగానే డైరెక్టర్ కొట్టినవాడి ముఖం చూపిస్తాడు, తర్వాత రీప్లే, తర్వాత గ్యాలరీలో జెండా ఊపే పాప. ఈలోగా గోలీ పక్అవుట్ కొట్టేసి ఉంటాడు, మనకు గాల్లో ఉన్న బంతి కనబడుతుంది. పక్అవుట్ అంటే స్కోరైనా, బంతి బయటికి పోయినా గోలీ కర్రతో కొట్టి ఆట మళ్లీ మొదలుపెట్టడం. ఇప్పటి హర్లింగ్‌లో సగం వ్యూహం అక్కడే ఉంది. మ్యాచ్ ఎన్నిసార్లు చూసినా టీవీలో నాకది పట్టుబడలేదు. మా అబ్బాయి క్లబ్ కోచ్, మేస్త్రీ పని చేసుకునే ఆయన, వానలో గడ్డి మీద ఆరు నీళ్ల సీసాలు పెట్టి పదకొండేళ్ల పిల్లలకు చెబుతుంటే పక్కన నిలబడి విన్నాను. ఈ సీసా ఇటు పరిగెత్తితే వాడి వెంట కాపలావాడు వస్తాడు, వాడు వదిలిన చోటికి ఆ సీసా రావాలి, గోలీ కొట్టేది ఆ ఖాళీలోకి. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఈ పని లక్షల మంది చూసే కార్యక్రమంలో ఎందుకు చేయరో నాకు తెలియదు.

మీకు పనికొచ్చే సలహా చెబుతాను. టీజీ ఫోర్ ఛానెల్ చూడండి. కామెంటరీ ఐరిష్ భాషలో ఉంటుంది, నాకు ముక్క రాదు, మా అబ్బాయికి బడిలో నేర్పింది కాస్త వచ్చు. అయినా దానిలో ఆర్భాటం తక్కువ, మైదానం ఎక్కువ కనబడుతుంది. మహిళల ఫుట్‌బాల్ ఫైనల్స్‌ను 2001 నుంచి చూపిస్తున్నది కూడా వాళ్లే. ఇక టీవీ సౌండ్ తీసేసి రేడియో పెట్టుకోమని పాతకాలపువాళ్లు చెబుతారు. మా ఎదురింటి టిపరరీ పెద్దాయన ఇప్పటికీ అదే చేస్తాడు. రేడియో కామెంటరీ బాగుంటుంది, నిజమే. కాకపోతే ఇప్పుడు టీవీ బొమ్మ రేడియో కన్నా కొన్ని సెకన్లు వెనకబడుతోంది, నెట్‌లో చూస్తే ఇంకా ఎక్కువ. ఆయన ముందు "గోల్!" అని లేచి, తర్వాత కూర్చుని ఆ గోల్ చూస్తాడు. మీకు అది ఫరవాలేదనుకుంటే ప్రయత్నించండి.

గేలిక్ ఆటల సంఘం జీఏఏ ఆన్‌లైన్‌లో మ్యాచ్‌లు చూపించే జీఏఏ ప్లస్‌కు డబ్బు కట్టి చూడాలా అని కూడా అడుగుతారేమో. మొదటి ఏడాది అక్కర్లేదు, ఉచితంగా వచ్చేవే చాలు. దానికన్నా శీతాకాలం ముందు మీ పేటలో క్లబ్ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లు జరుగుతాయి, వాటికి వెళ్లి గోల్ వెనక నిలబడండి. అక్కడి నుంచి మైదానం మొత్తం కనబడుతుంది, పక్కనున్న ముసలాయన అడగకపోయినా అన్నీ వివరిస్తాడు. గొడుగు మాత్రం తీసుకెళ్లకండి, ఆ గాలికి నిలవదు. తలమీద టోపీ ఉన్న రెయిన్‌కోట్ వేసుకోండి.