“నీ అంతు చూస్తా” అన్న మాట ఎప్పుడు బెదిరింపు అవుతుంది?

మాట ఒంటిని తాకదు కదా, మరి “చంపేస్తా” అన్నవాడిపై చర్యను లిబర్టేరియన్లు (వ్యక్తి స్వేచ్ఛకే పెద్దపీట వేసేవాళ్లు) ఎలా సమర్థిస్తారన్నది మీ ప్రశ్న.

కత్తి చూపించి “పర్సు తియ్” అన్నవాడు మిమ్మల్ని తాకలేదు, పర్సు మీరే తీసిచ్చారు. అయినా అది దోపిడీయే. ఎవరి మీదా ముందుగా బలప్రయోగానికి దిగకూడదన్న లిబర్టేరియన్ల సూత్రంలో ఆ బెదిరింపూ కలిసే ఉంది.

ముందు, చేస్తానన్న పని ఎవరిదో చూడండి. “నువ్వు నాశనమైపోతావు” అన్నది శాపనార్థం. “నీ ఇల్లు తగలబెడతా” అన్నది తన చేతి పని. తర్వాత, ఆ పని చేసే హక్కు అతనికి ఉందా? “నీ కొట్లో సరుకు కొనను”, “కోర్టుకెక్కుతా” అన్నవి ఎంత భయపెట్టినా బెదిరింపు లెక్కలోకి రావు. మన చట్టంతో పేచీ ఇక్కడే. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ పరువు తీస్తాననడాన్ని కూడా నేరపూరిత బెదిరింపులో చేర్చింది. పరువు ఇతరుల మనసుల్లో ఉండే అభిప్రాయం, అది ఎవరి ఆస్తీ కాదన్నది అమెరికన్ లిబర్టేరియన్ ఆర్థికవేత్త ముర్రే రోత్‌బార్డ్ వాదన. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

అసలు చిక్కు బెదిరింపు నమ్మదగినదా కాదా అన్న దగ్గర వస్తుంది. 1966లో వాషింగ్టన్‌లో 18 ఏళ్ల వాట్స్ అనే యువకుడు, తనను బలవంతంగా సైన్యంలో చేర్చి తుపాకీ ఇస్తే మొదట గురిపెట్టేది అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కే అన్నాడు. విన్నవాళ్లు నవ్వారు. షరతుతో అన్న మాట, రాజకీయ చర్చ సాగిన సభ, ఆ నవ్వు, ఇవన్నీ చూసి 1969లో అమెరికా సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. అవే మాటలు ఒకరి ఇంటి అడ్రసు, టైముతో సహా ఉత్తరంలో వస్తే అర్థం మారిపోతుంది.

ముప్పు ప్రత్యక్షంగా, తక్షణంగా ఉండాలంటాడు రోత్‌బార్డ్. తక్షణం అన్నదాన్ని మరీ బిగించి చదవడం పొరపాటు. చెయ్యి కత్తి మీదికి పోతుంటే అక్కడే ఎదురుదెబ్బ కొట్టొచ్చు. “ఆదివారం వస్తా” అంటే ఇప్పుడే కొట్టే హక్కు రాదు. పోలీసు ఫిర్యాదు, బైండోవర్ (గొడవ చేయనని అతని చేత పూచీకత్తు రాయించుకోవడం) లాంటివి అడిగే హక్కు వస్తుంది.

ఫిర్యాదులు చాలావరకు ఒక్క స్క్రీన్‌షాట్ దగ్గరే దెబ్బతింటాయి. ముందూ వెనకా ఉన్న సంభాషణ మొత్తం, తేదీలతో, అసలు ఫోన్‌లోనే చెరిపేయకుండా ఉంచండి.