మదుపు సందేహాలు: డివిడెండ్ షేర్లపై ఆప్షన్ ప్రీమియం ఎవరికి, ఎంతవరకు?

డివిడెండ్ ఇచ్చే షేర్లు కొనుక్కుని, వాటిమీద నెలనెలా కాల్ ఆప్షన్లు (ముందే అనుకున్న ధరకు షేరు కొనే హక్కు; దానికి వచ్చే సొమ్మే ప్రీమియం) అమ్ముకుంటే పెన్షన్‌లా ఆదాయం వస్తుందన్న ప్రచారం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరికీ పనికొచ్చే కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రిటైర్మెంట్ డబ్బు 12 లక్షలు ఉంది. డివిడెండ్ ఈల్డ్ 10 శాతం దాటిన షేర్ల జాబితా ఒకటి చూశాను. అందులోవే ఏరి కొనుక్కోవచ్చా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

వద్దండీ. ఆ జాబితాలో ఉన్నది గడిచిన ఏడాది ఇచ్చిన డివిడెండ్‌ని ఇవాళ్టి ధరతో భాగిస్తే వచ్చిన అంకె. వచ్చే ఏడాది ఎంత ఇస్తారో అది చెప్పదు. వేదాంత సంగతే చూడండి. 2022-23లో ఐదు మధ్యంతర డివిడెండ్లు కలిపి షేరుకు 101.50 రూపాయలు ఇచ్చింది. అప్పటి ధర మీద అది 30 శాతం పైమాటే. మరుసటి ఏడాది ఇచ్చింది 29.50. మొదటి అంకె చూసి కొన్నవాళ్ల చేతికి వచ్చింది రెండోది.

ఈల్డ్ బాగా పెరిగిందంటే చాలాసార్లు కారణం డివిడెండ్ పెరగడం కాదు, ధర పడిపోవడం. అందుకే ముందు కనీసం ఏడెనిమిదేళ్ల డివిడెండ్ చరిత్ర చూడండి. లాభంలో ఎంత వాటా పంచుతున్నారో చూడండి. వరసగా రెండు మూడేళ్లు లాభం కంటే ఎక్కువ పంచితే ఆ డబ్బు నిల్వల నుంచో అప్పు నుంచో వస్తున్నట్టే. వ్యాపారం నుంచి నగదు నిజంగా వస్తోందో లేదో క్యాష్ ఫ్లో పట్టికలో తెలుస్తుంది. లోహాలు, బొగ్గు, చమురు కంపెనీల లాభాలు ధరల చక్రంతో పాటు పైకీ కిందకీ పోతాయి, డివిడెండ్లూ అంతే. కేంద్ర ప్రభుత్వ సంస్థలు నికర లాభంలో 30 శాతం, నెట్‌వర్త్‌లో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలే విలువలో) 4 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది డివిడెండ్‌గా ఇవ్వాలని 2024 నవంబరులో మార్గదర్శకాలు సవరించారు. డివిడెండ్‌కు అది కొంత ఆసరాయే గానీ షేరు ధరకు పూచీ కాదు.

ఇంకో మాట. ‘500 శాతం డివిడెండ్’ అన్న వార్త చూసి ఉలిక్కిపడకండి. ఆ శాతం ముఖ విలువ మీద. ముఖ విలువ 2 రూపాయలైతే చేతికొచ్చేది షేరుకు 10 రూపాయలు.

మీ 12 లక్షల్లో ముందుగా రెండు మూడేళ్ల ఇంటి ఖర్చు, వైద్య ఖర్చు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములోనో ఎఫ్‌డీలోనో పెట్టండి. మిగిలినదే షేర్లకు, అదీ ఎనిమిది పది కంపెనీలకు పంచి. నిలకడైన కంపెనీల నుంచి ఏడాదికి 3, 4 శాతం వస్తే మంచి డివిడెండే అనుకోవాలి. ఆప్షన్ల జోలికి ఈ మొత్తంతో వెళ్లవద్దు. ఎందుకో విశాఖ జవాబులో లెక్కతో సహా ఉంది.

ప్రశ్న: రికార్డ్ డేట్ రోజున షేర్లు కొన్నాను. డివిడెండ్ రాలేదు, పైగా కొనే సరికే ధర తగ్గి ఉంది. ఎందుకు?
— పాఠకుడు, హనుమకొండ

2023 జనవరి నుంచి మన మార్కెట్లో సెటిల్‌మెంట్ టీ ప్లస్ 1. అంటే ఇవాళ కొన్న షేరు రేపు డీమ్యాట్‌లోకి వస్తుంది. అందువల్ల ఎక్స్-డేట్ (ఆ రోజు నుంచి కొంటే డివిడెండ్ రాదు), రికార్డ్ డేట్ (ఆ రోజు ఎవరి పేరున షేర్లుంటే వాళ్లకే డివిడెండ్) ఒకే రోజు పడుతున్నాయి. డివిడెండ్ కావాలంటే అంతకుముందు ట్రేడింగ్ రోజుకే కొని ఉండాలి. ఎక్స్-డేట్ ఉదయం షేరు ధర దాదాపు డివిడెండ్ మేర తగ్గి మొదలవుతుంది. కాబట్టి ముందురోజు కొని డివిడెండ్ తీసుకుని అమ్మేసినా మిగిలేదేమీ లేదు, పైగా ఆ డివిడెండ్ మీద పన్ను కట్టాలి.

ప్రశ్న: ఒకే కంపెనీ షేర్లు 1,600 ఉన్నాయి. సరిగ్గా ఒక లాటు. కవర్డ్ కాల్ అమ్మే పద్ధతి, అందులో ఎక్కడ దెబ్బతింటామో వివరంగా చెప్పండి.
— ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

చేతిలో ఉన్న షేర్ల మీదే కాల్ అమ్మడం కవర్డ్ కాల్. ఒక ఆప్షన్ ఒప్పందంలో ఉండే షేర్ల సంఖ్య లాటు. లెక్క కోసం షేరు ధర 400 అనుకుందాం. మీ చేతిలో ఉన్నది 6.40 లక్షల విలువ. ఈ నెల 420 కాల్‌ని (420కి షేరు కొనే హక్కు; ఆ 420నే స్ట్రైక్ ధర అంటారు) 4 రూపాయలకు అమ్మితే 6,400 వస్తుంది. ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు తీరే రోజు) నాటికి ధర 420 లోపు ఉంటే ప్రీమియం, షేర్లు రెండూ మీవే. ధర 460కి పోతే షేర్లు 420కే ఇచ్చేయాలి. ప్రీమియం కలిపి మీకు దక్కేది 424, వదులుకున్నది 36 చొప్పున 57,600. ధర 340కి పడితే షేర్ల మీద నష్టం 96,000. అందులో ప్రీమియం ఆదుకునేది ఆ 6,400 మాత్రమే. పెరిగితే లాభానికి కళ్లెం ఉంది, పడితే నష్టానికి లేదు. ఈ వ్యూహాన్ని ‘సేఫ్’ అని అమ్మేవాళ్లు దాచేది దీన్నే.

కాబట్టి మొదటి నియమం: ఏ ధరకు షేరు పోయినా మీకు సంతోషమో ఆ ధరకే కాల్ అమ్మండి. పిల్లల కోసం దాచిన షేరు మీద అమ్మకండి.

ఇక పద్ధతి. షేర్లు డీమ్యాట్‌లో ఉన్నంత మాత్రాన ఎక్స్ఛేంజీ మార్జిన్ (హామీగా పెట్టాల్సిన సొమ్ము) తగ్గించదు, మామూలుగా కాల్ అమ్మినవాడికి ఎంత మార్జిన్ పడుతుందో మీకూ అంతే. అందుకని షేర్లను బ్రోకర్ దగ్గర ప్లెడ్జ్ (తాకట్టు) చేయాలి. హెయిర్‌కట్ (షేర్ల విలువలో మినహాయించే భాగం) పోగా మిగిలిన విలువ మార్జిన్‌కు పనికొస్తుంది. అయితే మార్జిన్‌లో సగం నగదుగానో, నగదుతో సమానంగా లెక్కించే లిక్విడ్ ఫండ్, ప్రభుత్వ బాండ్ల రూపంలోనో ఉండాలి. ప్లెడ్జ్‌లో ఉన్నా డివిడెండ్ మీకే వస్తుంది.

షేర్ల మీద ఆప్షన్లు నెలవారీవే, వారానికోసారి ముగిసేవి లేవు. ఎన్ఎస్ఈలో 2025 సెప్టెంబరు నుంచి ఎక్స్‌పైరీ నెలలో చివరి మంగళవారం. ఆ రోజుకు కాల్ ఇన్-ద-మనీ అయితే, అంటే షేరు ధర స్ట్రైక్ ధరను దాటితే, డబ్బు తేడా కట్టి బయటపడటం కుదరదు. 2019 అక్టోబరు నుంచి అన్ని షేర్ ఆప్షన్లకూ డెలివరీ తప్పనిసరి. ప్లెడ్జ్‌లో ఉన్న షేర్లను ఒకటి రెండు రోజుల ముందే విడిపించి సిద్ధంగా పెట్టుకోకపోతే షార్ట్ డెలివరీ (ఇవ్వాల్సిన షేర్లు ఇవ్వలేకపోవడం) కింద వేలం, జరిమానా మీద పడతాయి. షేర్లు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఎక్స్‌పైరీకి మూడు నాలుగు రోజుల ముందే కాల్‌ని తిరిగి కొనేయండి. లిమిట్ ఆర్డరే పెట్టండి. దూరపు స్ట్రైక్‌లలో కొనేవాడి ధరకీ అమ్మేవాడి ధరకీ మధ్య అంతరం చాలా ఉంటుంది.

డివిడెండ్ షేర్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ప్రకటనకు ముందురోజు ముగింపు ధరలో డివిడెండ్ 2 శాతం లోపు ఉంటే స్ట్రైక్ మారదు. 2 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే స్ట్రైక్ ధరను డివిడెండ్ మేర తగ్గిస్తారు. 400 ధర మీద 10 రూపాయల డివిడెండ్ వస్తే మీ 420 కాల్ 410 అవుతుంది. ‘డివిడెండ్‌తో ధర ఎలాగూ తగ్గుతుంది, కాల్ అమ్మినవాడికి లాభమే’ అనుకుని అమ్మినవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. చిన్న డివిడెండ్ విషయంలోనూ ఆ తగ్గుదల ప్రీమియం ధరలో ముందే కలిసిపోయి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం లాటు సైజే. ఒక్క కంపెనీలో 6.40 లక్షలు ఉండి, అది మొత్తం మదుపులో పదో వంతు దాటకూడదనుకుంటే షేర్లలో 64 లక్షలు ఉండాలి. లాటు పూర్తి చేయడానికే అదే కంపెనీలో డబ్బు పోసేవాళ్లు ప్రీమియం కోసం వైవిధ్యాన్ని వదులుకుంటున్నారు. అది ఏ రకంగానూ జాగ్రత్త కాదు. లాటు సైజులు మారుతుంటాయి కూడా, ప్రతి నెలా చూసుకోండి.

ప్రశ్న: మంచి షేరు తక్కువ ధరకు కొనడానికి పుట్ అమ్మడం తెలివైన పనేనా?
— వ్యాపారి, కరీంనగర్

పూర్తి డబ్బు పక్కన పెట్టి అమ్మితే తెలివైనదే. పుట్ అంటే ముందే అనుకున్న ధరకు షేరు అమ్మే హక్కు. 400 ఉన్న షేరు మీద 380 పుట్‌ని 5 రూపాయలకు అమ్మారనుకోండి. లాటుకు 8,000 వస్తుంది. ధర 380 కిందకు పోతే 6,08,000 కట్టి షేర్లు తీసుకోవాలి, మీకు పడే ధర 375. కానీ అమ్మడానికి కావలసిన మార్జిన్ ఆ మొత్తంలో కొద్ది భాగమే. ‘డబ్బు ఖాళీగా ఉంది కదా’ అని ఆ మార్జిన్‌తోనే మూడు నాలుగు లాట్లు అమ్మడం దగ్గర పతనం మొదలవుతుంది. మార్కెట్ పడినప్పుడు మార్జిన్ పెరుగుతుంది, కట్టలేకపోతే బ్రోకర్ అన్నిటికంటే చెడ్డ ధరకు పొజిషన్ మూసేస్తాడు. ఎంత కట్టాల్సి రావచ్చో అంతా లిక్విడ్ ఫండ్‌లో ఉంచండి. ప్లెడ్జ్ విడిపించి రిడీమ్ చేయడానికి పనిదినాలు పడతాయి కాబట్టి ఎక్స్‌పైరీ వారంలో ముందుగానే కదలండి.

2025లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం 2024-25లో ఈక్విటీ డెరివేటివ్స్‌లో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) 91 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నికరంగా నష్టపోయారు. మొత్తం నష్టం లక్షా 5 వేల కోట్లు దాటింది. పుట్ అమ్మే ముందు ఈ అంకె ఒకసారి తలచుకోవాలి.

ప్రశ్న: పెన్షన్ వస్తుంది, డివిడెండ్లు కొంత. ఈ ఏడాది రెండు మూడు కాల్స్ అమ్మాను. పన్ను లెక్కలో తేడా ఏమైనా వస్తుందా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, తణుకు

చాలా తేడా వస్తుందమ్మా. డివిడెండ్ మీ మొత్తం ఆదాయంలో కలిసి మీ శ్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. ఈ పరిమితి 2025 మార్చి వరకు 5,000 ఉండేది.

ఆప్షన్ ప్రీమియం మాత్రం వ్యాపార ఆదాయం. మొత్తం ఎంత చిన్నదైనా వ్యాపార ఆదాయం ఉన్నవారి రిటర్న్ ఫారం ఐటీఆర్-3 సాధారణంగా వేయాల్సి వస్తుంది. 60 దాటి, వ్యాపార ఆదాయం లేనివారికి ముందస్తు పన్ను నుంచి మినహాయింపు ఉంది. మీరు ఆ మినహాయింపు కోల్పోతారు. పాత పన్ను విధానం, కొత్త విధానం ఏటా మార్చుకునే వీలూ పోతుంది. వ్యాపార ఆదాయం ఉన్నవారు కొత్త విధానం వదిలి పాతదానిలోకి వెళ్తే, వెనక్కి రావడానికి ఒక్కసారే అవకాశం. నష్టం వస్తే దాన్ని పెన్షన్ మీద సర్దుబాటు చేసుకోలేరు, ఎందుకంటే పెన్షన్ జీతం కిందకు వస్తుంది. అదే ఏడాది వడ్డీ, డివిడెండ్ల మీద సర్దుకోవచ్చు. మిగిలింది గడువులోగా రిటర్న్ వేస్తే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు, కానీ అప్పుడు వ్యాపార లాభాల మీదే. ఏడాదికి పది పదిహేను వేల ప్రీమియం కోసం ఇంత తతంగం అవసరమా అంటే, మీ విషయంలో అవసరం లేదనే చెబుతాం.

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో లాటు 100 షేర్లే. డివిడెండ్ వచ్చే ముందురోజే నా షేర్లు కాల్ కింద పోయాయి. ఎక్స్‌పైరీకి ఇంకా మూడు వారాలుంది. ఇది పొరపాటా?
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్

పొరపాటు కాదు. అక్కడ షేర్ల మీద ఆప్షన్లు అమెరికన్ పద్ధతివి, కొన్నవాళ్లు గడువులోగా ఎప్పుడైనా ఎక్సర్‌సైజ్ చేయవచ్చు, అంటే తమ హక్కు వాడుకోవచ్చు. మన దగ్గర యూరోపియన్ పద్ధతి, ఎక్స్‌పైరీ రోజునే. కాల్ బాగా ఇన్-ద-మనీ అయి, అందులో మిగిలిన టైమ్ వాల్యూ (షేరు ధరకీ స్ట్రైక్‌కీ ఉన్న తేడా పోగా కాల్ ధరలో మిగిలేది) డివిడెండ్ కంటే తక్కువైతే, కొన్నవాడు ఎక్స్-డేట్ ముందురోజే షేర్లు తీసుకుని డివిడెండ్ కొట్టేస్తాడు. ఈసారి ఎక్స్-డేట్‌కు రెండు రోజుల ముందు లెక్క చూడండి. షేరు 58, కాల్ స్ట్రైక్ 50, కాల్ ధర 8.20 అయితే టైమ్ వాల్యూ 20 సెంట్లు. డివిడెండ్ 45 సెంట్లయితే షేర్లు పోవడం దాదాపు ఖాయం. ఉంచుకోవాలనుకుంటే ఆ కాల్ తిరిగి కొని, ఎక్స్-డేట్ దాటాక పై స్ట్రైక్‌లో కొత్తది అమ్మండి.