అరవై కౌంట్ అంటే ఎక్కడి కౌంట్?

ప్రశ్న: మా అమ్మాయి వైజాగ్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. రొయ్యల ఎగుమతి కంపెనీలో చేరతానంటోంది. అమెరికా సుంకాలు వేశాక ఆ రంగంలో ఏమీ మిగల్లేదని మా బావమరిది అంటున్నాడు. ఎమ్మెస్సీ చేయించడం మంచిదా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ బావమరిదిది ఉత్త భయం కాదండీ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు భీమవరం చెరువు గట్ల నుంచి వైజాగ్ పోర్టు దాకా అందరికీ టెన్షనే. అయితే ఒక తలుపు మూస్తే కంపెనీలు వేరే దేశాల తలుపు తడతాయి. అక్కడ రూల్సు వేరు. వాటిని చదివి, ల్యాబ్‌లో సరిచూసి, కాగితాల్లో చూపించే మనిషి కావాలి. మీ అమ్మాయి చదివింది ఆ పనికి పనికొచ్చే చదువే.

జపాన్ సంగతి చూడండి. మేతలో వేసే చేపపొడి పాడవకుండా ఎథాక్సిక్విన్ కలుపుతారు. 2012లో మన రొయ్యల్లో అది 0.01 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లన్న లెక్క) దాటితే వద్దన్నారు. 2014లో ఆ హద్దును సడలించి 0.2 పీపీఎం చేశారు. యూరప్ పేచీ యాంటీబయాటిక్స్‌తో. 2016లో మన సరుకులో తనిఖీ చేసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచారు.

రూల్సు ఒకెత్తు, అలవాట్లు ఇంకో ఎత్తు. మన రైతు 60 కౌంట్ అంటే తలతో సహా కిలోకు 60 రొయ్యలు. అమెరికా వాళ్లు 26/30 అంటే పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 26 నుంచి 30 రొయ్యలు. పైగా వాళ్లకు ఎక్కువగా తల తీసినవే కావాలి, చైనా వాళ్లు తలతోనే అడుగుతారు. నా దగ్గర సలహా తీసుకుని చేరిన ఓ కుర్రాడు మొదటి నెలలోనే ఈ రెండు కౌంట్లూ కలిపేసి కొటేషన్ తయారు చేశాడు. మేనేజర్ కంటపడబట్టి అది బయటికి పోలేదు!

ఎమ్మెస్సీ ఎక్కడికీ పోదు, రెండేళ్లు పని చేశాక చదివినా నష్టం లేదు. ముందు హాసప్ (HACCP – తిండి సరుకు ఎక్కడ కలుషితమవుతుందో ముందే కనిపెట్టి ఆపే పద్ధతి) ట్రైనింగ్ చేయించండి, వైజాగ్‌లోని సిఫ్ట్ (CIFT – కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) కేంద్రంలో కనుక్కోండి. తర్వాత వ్యాపారం వైపు మనసు పోతే కాకినాడలో విదేశీ వ్యాపారం నేర్పే ఐఐఎఫ్‌టీ ఉంది.

ఒక్కటి మాత్రం దాచను. మొదటి జీతం తక్కువ. చలి, గమ్‌బూట్లు, నీచు వాసన, సీజన్లో నైట్ షిఫ్టులు. ట్రైనింగ్ ఫీజు కట్టేముందు తెలిసినవాళ్ల ద్వారా అమ్మాయిని ఒక ప్రాసెసింగ్ ప్లాంట్‌కి తీసుకెళ్లండి. గంటసేపు లోపల నిలబడి వచ్చాక కూడా ఇదే మాట అంటే కట్టేయండి.