అడవి నుంచి వచ్చిన మనిషి మారతాడా? మా చిన్న మామయ్య సంగతి

ఏళ్ల తరబడి తుపాకీ పట్టి ఇంటికి తిరిగొచ్చిన తమ్ముడిని నమ్మొచ్చా, అలాంటివాళ్లు నిజంగా మారతారా అని అడిగారు. మా చిన్న మామయ్యను దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెబుతున్నా, మారతారు. కానీ ముందు బయటికొస్తారు, మారడం ఎప్పుడో తర్వాత. మా ఇంట్లో రెండూ ఒకే రోజు జరిగిపోవాలనుకున్నాం.

మామయ్య వరంగల్‌లో డిగ్రీ చదువుతూ 1991లో పీపుల్స్‌వార్ అనే నక్సలైట్ పార్టీలోకి వెళ్లాడు. 2004 అక్టోబరులో జూబ్లీహిల్స్‌లో ప్రభుత్వంతో చర్చలు జరుగుతుంటే, ఇక కొడుకు వచ్చేస్తాడని అమ్మమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. జనవరికల్లా అవి కాస్తా బెడిసికొట్టాయి. 2006లో లొంగిపోయాడు. సిద్ధాంతం మీద విరక్తి ఏమీ లేదు, మలేరియా వదల్లేదు, మోకాళ్లు అరిగిపోయాయి, అంతే. తల మీదున్న రివార్డు డబ్బే పునరావాసం కింద ఆయన చేతికిచ్చారు. దాంతో ఉప్పల్‌లో జిరాక్స్ షాపు పెట్టాడు.

మా దగ్గరే ఉండేవాడు. రాత్రి బూట్లు విప్పకుండా పడుకునేవాడు, దళంలో అలవాటట. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. పదిహేనేళ్లు పార్టీలో పెట్టుకున్న మారుపేరుతో బతికాడు మరి! రేషన్ కార్డు కోసం వెళ్తే అసలు పేరు మూడుసార్లు పిలిచినా కదల్లేదు, నేనే మోచేత్తో పొడిచాను.

చుట్టాలకు మాత్రం ఒకటే ఆత్రం, తప్పు చేశానని ఒప్పుకున్నాడా లేదా అని. నిలదీసిన ప్రతిసారీ ఇంకా బిగుసుకుపోయేవాడు. "భూమి సమస్య అబద్ధమా?" అని ఎదురడిగేవాడు. (ఇప్పటికీ అంటాడు, నేనూ కాదనను.) మీ తమ్ముడిని దయచేసి అలా అడగకండి. ఏదో ఒక పని అప్పజెప్పండి, పిల్లల్ని స్కూల్లో దింపి రమ్మనండి.

వాళ్ల దళం ఒక రైతును ఇన్‌ఫార్మర్ అని చంపింది. ఆ మాటెత్తితే "వాడు పోలీసుల మనిషి" అని తుంచేసేవాడు. ఏడెనిమిదేళ్లు అదే మాట. ఒకరోజు ఒకావిడ వితంతు పెన్షన్ కాగితాలు తెచ్చింది. డెత్ సర్టిఫికెట్ మెషిన్ అద్దం మీద పెట్టి, మూత వేయకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. డబ్బులు తీసుకోలేదు. రాత్రి అన్నం కలుపుతూ, "ఆయనకు ఇద్దరు ఆడపిల్లలుండేవాళ్లు" అన్నాడు. ఎవరికిరా అని అమ్మ అడిగింది. ఆ రైతు ఊరి పేరు చెప్పాడు. అప్పటిదాకా మా ఇంట్లో ఆ మనిషి 'వాడే'.