సమాధానం: సెర్ఫ్ బానిసా, రైతా?

సెర్ఫ్ అంటే ఒకప్పటి ఐరోపాలో ప్రభువు (భూస్వామి) భూమికి కట్టుబడి బతికిన పల్లె మనిషి. సెర్ఫ్‌కి ఇల్లు, పొలం, పశువులు ఉన్నాయని ఒకచోట, స్వేచ్ఛ లేదని ఇంకోచోట చదివి, పరీక్షలో ఏది రాయాలో తెలియక టెన్షన్ పడుతున్నారు కదా. రెండూ రాయండి, రెండూ నిజమే.

13వ శతాబ్దపు ఇంగ్లండ్‌నే తీసుకోండి. అక్కడి సెర్ఫ్ తనకిచ్చిన పొలం ముక్క తాను దున్నుకుంటాడు. బదులుగా వారానికి రెండు మూడు రోజులు ప్రభువు పొలంలో కూలి లేకుండా చేయాలి, కోతలప్పుడు ఇంకా ఎక్కువ. తన పంట చేతికొచ్చే సమయంలోనే ఈ పిలుపు రావడం అసలు బాధ. కూతురి పెళ్లికి రుసుము కట్టాలి, పిండి ప్రభువు మరలోనే ఆడించాలి. ఇంటి పెద్ద చనిపోతే ఉన్న పశువుల్లో మేలైనది ప్రభువుకి పోతుంది. భూమి గొడవలో ప్రభువు మీద రాజు కోర్టుకి వెళ్లే వీలు లేదు. భూమి చేతులు మారితే అతనూ దానితోపాటే మారతాడు. పారిపోయి, హక్కుపత్రం (స్వయంపాలన హక్కులిచ్చే పత్రం) ఉన్న పట్టణంలో ఏడాది మీద ఒక రోజు ఉండగలిగితే మాత్రం చాలాచోట్ల స్వేచ్ఛ దొరికేది.

మీరు రాసుకున్న "(సెర్ఫ్ వ్యవస్థ) 1381 తిరుగుబాటుతో రద్దయింది" అన్న పాయింట్ తీసేయండి. ఇంగ్లండ్ రైతులు తిరగబడినప్పుడు రాజు రెండో రిచర్డ్ రద్దు చేస్తానని మాటిచ్చి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. 1348-49 ప్లేగు తర్వాత పనివాళ్లు కరువయ్యారు, కూలి పెరిగింది. కూలి పెరగకుండా తెచ్చిన 1351 చట్టం కూడా దాన్ని ఆపలేకపోయింది. 15వ శతాబ్దమంతా ఆ వ్యవస్థ మెల్లగా కరిగిపోయింది. ఒక్క శాసనంతో రద్దయింది రష్యాలో, 1861లో.