తప్పు వాడిది, సంతకం నాది

అమ్మడూ,

మొన్న రాత్రి ఫోన్‌లో అరగంట మాట్లాడావు. జీతం పెంచని ఆఫీసు, అద్దె పెంచిన ఇంటాయన, తీసుకున్న డబ్బు తిరిగివ్వని అన్నయ్య, అక్కర్లేకపోయినా కార్డు అంటగట్టిన కుర్రాడు, అందరి గురించీ చెప్పావు. ఇంతకీ మొత్తం అప్పు ఎంతుందే అని అడిగితే మాత్రం "ఉంటుంది మామయ్యా, చాలానే" అని ఊరుకున్నావు. ఆ "చాలానే" విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఒకప్పుడు నేనూ అదే మాట అనేవాణ్ణి.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. నువ్వు బడికి కూడా వెళ్లని రోజుల్లో నా స్నేహితుడొకడు అప్పు తీసుకుంటూ నన్ను హామీ సంతకం పెట్టమన్నాడు. "పేరుకేరా, నీ దాకా రాదు" అన్నాడు. కాగితం పూర్తిగా చదవలేదు. చదివితే నొచ్చుకుంటాడేమోనని మొహమాటం! ఆరేడు కిస్తీలు కట్టి మానేశాడు, ఊరు కూడా మారిపోయాడు. ఉత్తరాలు నా పేరున రావడం మొదలైంది.

వాటిని మీ అత్తయ్య కంటపడకుండా బీరువా సొరుగులో పాత క్యాలెండర్ కింద పెట్టేవాణ్ణి. విప్పేవాణ్ణి కూడా కాదు. కవరుకు కిటికీలా ఉండే పల్చటి కాగితంలోంచి నా పేరు కనిపించేది. అది చూస్తేనే కడుపులో తిప్పేది. అలా రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఊరికే కూర్చున్నానా అంటే అదీ లేదు, కనిపించిన ప్రతివాడికీ వాడు చేసిన మోసం చెప్పుకుంటూ తిరిగాను. అందరూ "అయ్యో" అన్నారు. తప్పు నీదని ఒక్కరూ అనలేదు. నిజమే, తప్పు వాడిదే. కానీ సంతకం నాది. అయ్యో అన్నవాళ్లెవరూ వడ్డీ కట్టరు కదా.

చివరికి ఒకరోజు మీ అత్తయ్య ఏదో తేదీ చూడాలని క్యాలెండర్ లాగితే అంతా బయటపడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కత్తెర తెచ్చుకుని నేల మీద కూర్చుంది. ఒక్కో కవరూ కత్తిరించి తేదీల వరసలో పేర్చింది. మొత్తం 19 ఉన్నాయి. మొదటి కాగితంలో ఉన్న బాకీకి చివరి కాగితంలో ఒకటిన్నర రెట్లుంది. ఆ పెరిగిన సగాన్ని నా స్నేహితుడి లెక్కలో రాయలేకపోయాను. అది నేను కవర్లు విప్పకుండా పెంచుకున్నది. మొదటి ఉత్తరం వచ్చిన వారమే వెళ్లి ఉంటే గడువు అడిగేవాణ్ణి, బతిమాలైనా వడ్డీ తగ్గించుకునేవాణ్ణి.

అలాగని నీ ఇబ్బందులన్నీ నువ్వే తెచ్చుకున్నావని నేననను. జబ్బులొస్తాయి, ఉద్యోగాలు పోతాయి, ధరలు ఎవర్నీ అడిగి పెరగవు. డబ్బు లేనివాళ్లంతా సోమరులన్నట్టు ఉపన్యాసాలిచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నువ్వు చెప్పిన వాళ్లలో ఒకరిద్దరు నిజంగానే నీకు అన్యాయం చేశారు. వాళ్లు మారితే మంచిదే. మారేదాకా నీ కిస్తీ తేదీ ఆగదు, అంతే నేననేది.

ఇక పనిలోకి దిగుదాం. ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకుని, ఫోన్‌లో ఉన్న స్టేట్‌మెంట్లన్నీ తెరువు. ఎవరికి బాకీ, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకు ఎంత కట్టాలి, ఏ తేదీన, ఇవి రాయి. స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు కూడా రాయాలి, వాటినే ముందు మర్చిపోతాం. వడ్డీ దగ్గరికొచ్చేసరికి నీ పెన్ను ఆగిపోతుంది. నాకు తెలుసు, అందరికీ అక్కడే ఆగుతుంది. నెలకు ఎంత కట్టాలో తెలుసు గానీ దానిలో వడ్డీ ఎంతో తెలియదు.

కార్డు మీద నెలకు 3 శాతం అని రాసి ఉందనుకో. ఏడాదికి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ పడుతూ పోతే అది 42 శాతం దాటుతుంది. అప్పు ఎన్నాళ్లకు రెట్టింపవుతుందో తెలియాలంటే 72ని వడ్డీ శాతంతో భాగించు. నెలకు 3 అయితే 24 నెలలు. ఈ చిట్కా కొత్తదేం కాదు, 1494లో లూకా పాచోలీ అనే ఇటలీ గణితవేత్త వెనిస్‌లో అచ్చు వేయించిన లెక్కల పుస్తకంలోనే ఉంది. అప్పిచ్చేవాళ్లకు ఐదొందల ఏళ్లుగా తెలిసిన లెక్క, తీసుకునే మనం ఇప్పటికైనా నేర్చుకోవద్దూ?

ఆ కార్డు మీద లక్ష బాకీ ఉందనుకుందాం. బిల్లులో "కనీసం కట్టవలసింది" అని 5 శాతం, అంటే 5,000 చూపిస్తారు. అది కట్టి హమ్మయ్య అనుకుంటావు. అందులో 3,000 వడ్డీకే పోయింది, అసలు తగ్గింది 2,000. వచ్చే నెల బాకీ 98,000, కనీసం 4,900. చూశావా, కట్టాల్సింది తగ్గింది, మనకేమో బరువు దిగినట్టుంటుంది. ఇలా బిల్లు అడిగినంతే కట్టుకుంటూ పోతే 31 నెలలయ్యాక కూడా 53 వేల పైచిలుకు బాకీ మిగులుతుంది. అదే బిల్లు 4,900 అన్నా, 4,000 అన్నా పట్టించుకోకుండా మొదటి నెల కట్టిన 5,000 ప్రతి నెలా కట్టావనుకో, అదే 31 నెలలకి అప్పు మొత్తం తీరిపోతుంది. నెలకు 10,000 కట్టగలిగితే ఏడాది దాటి ఒక నెల, అంతే. నీ జీతం పెరగలేదు, వడ్డీ తగ్గలేదు, ఎవరూ మారలేదు. బిల్లు మీది అంకె బదులు నువ్వు అనుకున్న అంకె కట్టావు. అయితే ఈలోగా కార్డు మళ్లీ గీకకూడదు. గీకితే ఈ లెక్కంతా గంగపాలే.

అన్నట్టు, "ఫ్లాట్ 10 శాతమే" అని ఎవరైనా లోను ఇస్తానంటే తొందరపడకు. నెలనెలా నువ్వు అసలు తీరుస్తూ ఉంటే కూడా వాళ్లు వడ్డీ మొదటి మొత్తం మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద చూస్తే ఏడాది లోనుకి అది 18 శాతం దగ్గర తేలుతుంది.

ఏది ముందు తీర్చాలంటే, లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్నది. దాని మీద దృష్టి పెట్టి, మిగతావాటికి తప్పనిసరిగా కట్టాల్సింది కడుతూ పో. కానీ ఎవరో స్నేహితురాలికి చిన్న చేబదులు బాకీ ఉండి, ఆమెను తప్పించుకుని తిరుగుతుంటే మాత్రం అది ముందు ఇచ్చెయ్. లెక్కకు అందని వడ్డీ అది.

ఏ నెలైనా కిస్తీ కట్టలేననిపిస్తే తేదీ దాటకముందే అప్పిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పు. నేను కవర్లన్నీ సంచీలో వేసుకుని వెళ్తే గంటసేపు బల్ల మీద కూర్చోబెట్టారు, మాట కూడా కటువుగానే ఉంది. అయినా జరిమానాలో కొంత తీసేసి, కిస్తీల గడువు పెంచారు. స్కూటర్ అమ్మేశాను. సాయంత్రాలు ఒక దుకాణానికి లెక్కలు రాశాను. నాలుగేళ్లు పట్టింది.

ఖర్చుల సంగతి ఎక్కువ చెప్పను. ఒక నెలంతా ప్రతిదీ రాసుకో, తిట్టుకోకుండా. చిన్న చిన్న సరదాలన్నీ మానెయ్యమని నేననను, అలా బిగించుకున్నవాళ్లు మూడో నెలలో తెగించి ఒకేసారి ఖర్చు పెట్టేస్తారు. పెద్ద పద్దులు చూడు: అద్దె, బండి కిస్తీ, నువ్వు మర్చిపోయినా నెలనెలా కార్డులోంచి దానంతట అదే కట్ అయ్యే చందాలు. పొదుపు నెలాఖరున మిగిలితే చేద్దామనుకోకు, జీతం పడ్డ రోజే కొంచెం తీసి వేరే ఖాతాలో వెయ్. అప్పులుండగా పొదుపేమిటంటావేమో. ఒక నెల ఖర్చుకు సరిపడా పక్కన లేకపోతే, రేపు పన్ను నొప్పి వచ్చినా, ఫోన్ పగిలినా మళ్లీ ఆ కార్డే దిక్కు. ఆ ఒక్క నెల డబ్బు చేరాక మిగతాదంతా అప్పు మీదకు తిప్పు. అప్పు తీరాక దాన్ని మూడు నెలలకు పెంచుకోవచ్చు.

ఆఫీసు జీతం పెంచలేదన్నావు. అడిగావా? ఈ ఏడాది నువ్వు చేసిన పనులు కాగితం మీద రాసుకుని, ఇంత కావాలని నోరు తెరిచి అడిగావా, లేక వాళ్లే గుర్తిస్తారని చూస్తున్నావా? అడిగినా లేదంటే ఇంకో రెండు చోట్ల ప్రయత్నించు. ఖర్చు తగ్గించడానికి ఒక హద్దుంది, సంపాదనకు అంత హద్దు లేదు.

ఇక అన్నయ్య. వాడితో పోట్లాడి పండక్కి మొహాలు చూసుకోకుండా అవ్వకండి. ఎప్పుడిస్తావు అని ఒక తేదీ అడుగు, అదీ ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. నోటుబుక్కులో మాత్రం ఆ డబ్బు చేతికొచ్చేదాకా రాబడి కింద రాయకు. వాడు మళ్లీ డబ్బు అడిగితే "ఇప్పుడు ఇవ్వలేనురా" అని చెప్పు. కారణాలు చెప్పబోకు, ప్రతి కారణానికీ వాడి దగ్గర ఒక సమాధానం ఉంటుంది. హామీ సంతకం అంటావా, ఎవరికైనా సరే, ఆ అప్పు మొత్తం నువ్వే తీర్చడానికి సిద్ధమైతేనే పెట్టు. నాకు మాత్రం మీ అత్తయ్య ఆ తర్వాత పెన్ను ఇవ్వడమే మానేసింది.

ఆదివారం రాయడం అయిపోయాక ఫోన్ చెయ్యి. మొత్తం ఎంత తేలిందో నాతో చెప్పాలనిపిస్తే చెప్పు, ఇబ్బందిగా ఉంటే వద్దులే. "చాలానే" అని మాత్రం అనకు.

మామయ్య