డిసెంబర్ అండమానా, ఏప్రిల్ అండమానా?

ప్రశ్న: మాది ఒంగోలు. చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. మావారు, నేను ఇద్దరం ఉద్యోగులమే. ఇద్దరికీ కలిపి చేతికొచ్చేది నెలకు 1,05,000. అద్దె, పాప స్కూలు ఫీజు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది), అత్తగారి మందులు అన్నీ పోను 22 వేలు మిగులుతాయి. అత్తమామలు, ఎనిమిదేళ్ల పాపతో కలిసి ఐదుగురం నాలుగు రాత్రులు అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. క్రిస్మస్ సెలవుల్లో 2,15,000, పాప పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో అయితే 1,55,000 అన్నారు ట్రావెల్ ఏజెంట్. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. ఎఫ్‌డీ 1,80,000 ఉంది, అదైనా తీసేయమంటారా? మామగారి మోకాళ్లు చూస్తే వాయిదా వేయాలనిపించడం లేదు. డిసెంబర్‌కని 5 వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం.

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. పెద్దవాళ్లు నడవగలిగినప్పుడే తీసుకెళ్లాలన్న మీ ఆలోచన సరైనదే. రెండేళ్లు ఆగమని నేను చెప్పను. డిసెంబర్ వదిలి ఏప్రిల్‌కు మార్చుకోండి, అంతే. మామగారికి ఈ నాలుగు నెలల తేడా ఫర్వాలేదేమో ఒకసారి డాక్టర్‌ను అడగండి చాలు.

ముందు ఎఫ్‌డీ సంగతి. మీ ఇంటి ఖర్చు సిప్‌తో కలిపి నెలకు 83 వేలు. అంటే ఆ 1,80,000 రెండు నెలలకు కాస్త ఎక్కువ, అంతే. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకు వేళచ్చేరి ఎలా మునిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బు అలాంటి రోజు కోసం. దాన్ని ముట్టుకోవద్దు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. బ్యాంకు వడ్డీ వదులుకోదు. సాధారణంగా ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో డిస్కౌంట్‌గా చూపిస్తారు, మీరు దాన్ని వాయిదాల్లో బ్యాంకుకు కడతారు. వడ్డీ 15 శాతం అనుకుంటే మీ 2,15,000లో దాదాపు 16,500 వడ్డీయే. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 3 వేలు మీ జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు వేరే. కాబట్టి ఏజెంట్‌ను సూటిగా అడగండి: "ఒకేసారి డబ్బు కట్టేస్తే ఎంత తగ్గిస్తారు?" ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఏ కారణంతోనో ప్రయాణం రద్దయితే, రీఫండ్ వచ్చి కార్డులో సర్దుబాటయ్యేదాకా నెలనెలా వాయిదా పడుతూనే ఉంటుంది.

నేనైతే ఇలా చేయమంటాను. ఈ ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా నెలకు 18 వేల చొప్పున ఐదు నెలలు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. 90 వేలు, పైన కొద్దిగా వడ్డీ. జనవరి రాగానే ఆ డబ్బుతో విమానం టికెట్లు కొనేయండి, ఎందుకంటే ఆలస్యం చేసేకొద్దీ పెరిగే ఖర్చు అదే. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల 54 వేలు గదులకు, పడవలకు. మీవారికి దీపావళి బోనస్ వస్తే అందులోంచి 15 వేలు పక్కన పెట్టండి. మొత్తం 1,59,000. నెలకు ఇంకా 4 వేలు మీ చేతిలో ఉంటాయి, సిప్ ఆగదు.

ప్యాకేజీ కాగితంలో మీరు అన్నిటికంటే ముందు చూడాల్సింది చివరి రాత్రి ఎక్కడ అన్నది. చెన్నై నుంచి విమానం దిగేది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్‌కు, అంటే మనం హేవ్‌లాక్ అనే దీవికి, మామూలుగా పడవలోనే వెళ్ళాలి. సముద్రం బాగోలేకపోతే పడవ కదలదు. కొందరు చివరి రాత్రి కూడా హేవ్‌లాక్‌లోనే ఉంచి, పొద్దున పడవ దిగి మధ్యాహ్నం విమానం ఎక్కేలా ప్లాన్ వేస్తారు. ఆ పడవ రద్దయితే ఐదుగురికీ అప్పటికప్పుడు టికెట్లు కొనాలి. మీరు నెలల తరబడి కూడబెట్టింది ఒక్క పూటలో పోతుంది. చివరి రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండాలని గట్టిగా చెప్పండి. ఆ సాయంత్రం సెల్యులార్ జైలు చూడొచ్చు. డిసెంబర్ వద్దనడానికి ఇదీ ఒక కారణమే: నవంబర్, డిసెంబర్ నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు మామూలే. మిచౌంగ్ అప్పుడు మన చెన్నై ఎయిర్‌పోర్టే మూతపడింది. ఏప్రిల్‌లో సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. మే మధ్య దాటితే మళ్ళీ వానలు.

బారాటాంగ్ గుహల ట్రిప్పు ప్యాకేజీలో ఉంటే తీసేయించండి. తెల్లవారుజామున లేచి, చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్ (బండ్లన్నిటినీ కలిపి పంపే వరుస) కోసం ఆగి, పడవెక్కి, తర్వాత నడవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అది శిక్షే. ఆ రోజు హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో తీరిగ్గా కూర్చోండి.

మీలో ఎవరి జీతంలోనైనా ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉండి, పాత పన్ను విధానంలో ఉంటే, ఎకానమీ క్లాసు విమాన ఛార్జీల మేరకు మినహాయింపు దొరుకుతుంది. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రుల టికెట్లకూ వర్తిస్తుంది. మీవారు క్లెయిమ్ చేస్తే మామగారు, అత్తగారు కూడా లెక్కలోకి వస్తారు. మీరు చేస్తే రారు. హోటల్ ఖర్చుకు రాదు కాబట్టి బిల్లులో విమాన ఛార్జీ విడిగా రాయించుకోండి, బోర్డింగ్ పాసులు దాచండి. కొత్త విధానంలో ఉంటే ఈ పేరా వదిలేయండి.

2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక అక్కడ నెట్ మెరుగైంది. అయినా దీవుల్లో ఫోన్ పేనే నమ్ముకోకండి, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

ఆ 5 వేల అడ్వాన్స్‌ను ఏప్రిల్ బుకింగ్‌కు మార్చమని ఈ వారమే అడగండి, ఒప్పుకుంటే మెసేజ్ పెట్టించుకోండి. ఒప్పుకోకపోతే పోనివ్వండి. ఆ 5 వేలు పోయినా, తేదీ మార్చినందుకు మీకు 55 వేలు మిగులుతున్నాయి.